ఏడో నెంబరు కప్పు

కొల్లాబత్తుల ఏసుపాదం ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున్నే లేచి పద్దెనిమిది గోతులు తవ్వి, ఆ తీసిన మట్టితోనే నిన్నటి పద్దెనిమిది గోతులు పూడుస్తున్నాడు. ఇంకెక్కడైనా ఈ పని చేసేవాణ్ణి పిచ్చివాడంటారు. నీలాటిపురం పురపాలక సంఘంలో తాత్కాలిక ఉద్యోగి అంటారు.

నీలాటిపురానికి గోల్ఫు మైదానం ఉందంటే పొరుగూరి వాళ్లు నమ్మరు. గోనెసంచుల మిల్లు నడిచినన్నాళ్లూ దాని దొరలు ఆడుకోడానికి కాలవగట్టున ఎనభై ఎకరాల తోటలో వేయించుకున్నారు. మిల్లు మూతపడింది, దొరలు పోయారు, తోట వచ్చి మున్సిపాలిటీ నెత్తిన పడింది. దాన్నేం చెయ్యాలో ఎవరికీ తోచక, గేటుకి ‘పురజనుల గోల్ఫు ఉద్యానవనం’ అని బోర్డు తగిలించి ఊరుకున్నారు. అప్పట్నించీ టిక్కెట్టు కొన్న ప్రతివాడూ అక్కడ ఆటగాడే. లుంగీ ఎగ్గట్టి ఆడేవాళ్లున్నారు. బేరాల్లేని పూట ఆటోవాళ్లు వచ్చి ఆడతారు. రిటైరైన లెక్కల మాస్టారు జగ్గారావు గారు ఎండాకాలంలో కూడా మంకీ క్యాపు తియ్యకుండా ఆడతారు. చిన్న తెల్లబంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, జెండా పాతిన చోట పచ్చికలో ఉన్న కన్నంలో పడెయ్యాలి. ఎంత తక్కువ దెబ్బల్లో పడితే అంత గొప్ప.

చెప్పడానికి తేలికే. ఏడో నెంబరు దగ్గరికి వచ్చేసరికి మొనగాళ్లకి కూడా చెమట్లు పడతాయి. నిద్రగన్నేరు చెట్ల సందులోంచి కొట్టి, పంటకాలవ దాటించి, రేవులో ఆరేసిన చీరలకి తగలకుండా, అవతల గుండ్రటి పచ్చికతిన్నె మీద బంతి దింపాలి. పదింట తొమ్మిది బంతులు కాలవలోకే పోతాయి. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు చూస్తే అడుగున బాతులు గుడ్లు పెట్టినట్టుంటుంది. జగ్గారావు మాస్టారు పదకొండేళ్లుగా ఏడో నెంబరుని మూడు దెబ్బల్లో ముగించాలని చూస్తున్నారు. ఇంతవరకూ ఆయనకి దక్కినవి తడి చెప్పులే.

కన్నం ఒకేచోట ఉంటే వారం తిరక్కుండా దాని చుట్టూ పచ్చిక కాళ్లకింద పడి చస్తుంది. అందుకని రోజూ చోటు మార్చాలి. అది ఏసుపాదం పని. పిడి ఉన్న ఇనపగొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని పచ్చికలో గుచ్చి, అటూ ఇటూ తిప్పి పైకి లాగితే, గడ్డితో సహా మట్టిముద్ద ఊడి వస్తుంది. ఆ ముద్దని తీసుకెళ్లి నిన్నటి కన్నంలో అద్దితే అక్కడ కన్నం ఉండేదని కన్నవాళ్లకి కూడా తెలియదు. వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. దొరలు ఆ కన్నాన్ని కప్పు అనేవాళ్లు. కాబట్టి ఏసుపాదం తాత కప్పు అన్నాడు, తండ్రి కప్పు అన్నాడు, ఏసుపాదమూ కప్పు అంటాడు. దానికి ఇంకో పేరుంటుందని అతనికి ఎన్నడూ తోచలేదు.

అతనికున్న కోరిక ఒక్కటే. పర్మినెంటు కావాలి. తాత మిల్లులో తాత్కాలికంగా చేశాడు. తండ్రి ముప్పై ఏళ్లు మున్సిపాలిటీలో తాత్కాలికంగా చేసి, తాత్కాలికంగానే పోయాడు. ఏసుపాదానికి అరవై నిండడానికి ఇంక ఏడు నెలలుంది. అతని ఫైలు ఆఫీసులో ఎనిమిది బల్లలు దాటి తొమ్మిదో బల్ల మీద ఉంది. పదో బల్ల కమిషనరు గారిది. రాత్రి ప్రార్థనలో ఇంట్లోవాళ్ల పేర్లన్నీ అయ్యాక ఏసుపాదం ఆ తొమ్మిదో బల్లని కూడా తలుచుకునేవాడు.

అలాంటి సమయంలో కొత్త కమిషనరుగా ఉండవిల్లి త్రివిక్రమరావు గారు వచ్చారు. వచ్చిన మూడో రోజునే రెండు ఉత్తర్వులు వేశారు.

మొదటిది: ‘గుంతరహిత పట్టణ మహాయజ్ఞం’. వంద రోజుల్లో ఊళ్లో ఉన్న గుంతలన్నీ పూడ్చాలి. పూడ్చిన ప్రతి గుంతకీ ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. ఎక్కువ గుంతలు పూడ్చిన ఊరికి పై ర్యాంకు. ఎవరి పరిధిలో గుంత కనబడితే ఆ ఉద్యోగి ఫైలు కదలదు.

రెండోది: ఇకపై ఆఫీసు రాతకోతలన్నీ అచ్చ తెలుగులోనే సాగాలి.

రెండో ఉత్తర్వు సూపరింటెండెంటు అనంతలక్ష్మి గారికి పండగలా వచ్చింది. ఆవిడ తెలుగు ఎమ్మే. ముప్పై ఏళ్లుగా ఆఫీసు ఇంగ్లీషులో నలిగిపోయిన మనిషి. బీరువాలో రిజిస్టర్లన్నీ దింపించి, ఒక్కొక్క మాటా చెరిపి తిరగరాయడం మొదలుపెట్టారు. మూడు రోజులకి గోల్ఫు రిజిస్టరు వచ్చింది. ‘హోల్స్, పద్దెనిమిది’ అని ఉంది.

ఆ ఒక్క మాట దగ్గర ఆవిడ పూటంతా ఆగిపోయారు. రంధ్రం అందామంటే ఆరోగ్యశాఖ వాళ్లు ముక్కూ చెవీ మావంటారు. బిలం అంటే పాముల సంగతి, అటవీశాఖకి రాయాలి. బొరియ ఎలకల నిర్మూలన పథకం కిందికి పోతుంది. చిల్లు నీటి సరఫరా వాళ్లది, పైపులకి తప్ప వాడనివ్వరు. కన్నం వేస్తే పోలీసులు వస్తారు. గొయ్యి శ్మశానం పద్దులో ఉంది. ఆఖరికి ఏ శాఖతోనూ పేచీ లేనిది, సాక్షాత్తూ మున్సిపాలిటీ సొంతమైనది ఒక్క మాటే మిగిలింది. ఆవిడ తృప్తిగా రాశారు: ‘గోల్ఫు ఉద్యానవనము. గుంతలు: పద్దెనిమిది. లోతు: నాలుగంగుళాలు. ఏర్పడుటకు కారణము: కె. ఏసుపాదం.’

మర్నాడే ఏసుపాదానికి తాఖీదు వచ్చింది. ‘మీ పరిధిలో పద్దెనిమిది గుంతలు ఉండుటయే గాక, సదరు గుంతలు ప్రతిదినము మీచేతనే బుద్ధిపూర్వకముగా తవ్వబడుచున్నట్లు విచారణలో తేలినది. యజ్ఞమునకు విఘ్నము కలిగించిన మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను.’

ఏసుపాదం తువ్వాలు నడుముకి చుట్టుకుని ఆఫీసుకి పరిగెత్తాడు.

“అమ్మగారూ, అయ్యి గుంతలు కాదండి.”

“మరి ఏమిటి?” అన్నారు అనంతలక్ష్మి గారు కళ్లజోడు సర్దుకుంటూ.

“కప్పులండి.”

“కప్పులు కాఫీ తాగేవి, ఏసుపాదం. నేలలో ఉన్నవాటి గురించి అడుగుతున్నాను.”

“నేల్లో ఉన్నయ్యే కప్పులండి. మా తాత కాణ్ణించి అంతేనండి. ఆయ్.”

“మీ తాతగారి మాట ఫైల్లో లేదు. నోటిమాట నేను నమోదు చెయ్యలేను.” ఆవిడ సొరుగులోంచి ఒక ఫారం తీసి ఇచ్చారు. “ఇందులో ఒక పక్క గుంత నెంబరుంటుంది. రెండో పక్క ‘ఏమని భావించుచున్నారు’ అని ఉంటుంది. ఒక్కొక్కదాని ఎదురుగా ఒక్క మాటలో రాసి సంతకం పెట్టు. ఇంజినీరింగు విభాగం చూసి నిర్ణయిస్తుంది.”

ఏసుపాదం వరండాలో గోడకానుకుని కూర్చున్నాడు. ఏడో తరగతి దాకా చదివిన చెయ్యి. నాలుక కొద్దిగా బయటపెట్టి, గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఒకటో నెంబరు ఎదురుగా: కప్పు. రెండో నెంబరు ఎదురుగా: కప్పు. మూడు: కప్పు. పద్దెనిమిది సార్లూ ఒక్క దిద్దుబాటు లేకుండా రాసి, కింద సంతకం పెట్టి, ఫారం కళ్లకద్దుకుని ఇచ్చాడు. గండం గడిచిందనుకుని దార్లో టీ తాగి ఇంటికెళ్లాడు.

మర్నాడు తోటలోకి అడుగుపెట్టేసరికి రోడ్డురోలరు చప్పుడు వినబడింది. ఏఈ దయాకర్ పన్నెండుమంది కూలీలతో, తారుపీపాలతో ఉన్నాడు. యజ్ఞానికి ఇంజినీరింగు విభాగం తరఫున ఇతనే పెద్ద. ఒకటో నెంబరు నుంచి ఆరో నెంబరు దాకా కన్నాలన్నీ కంకర కూరి, తారు పోసి, చదును చేసి, పైన తెల్లరంగుతో ‘పూడ్చబడినది’ అని తేదీ కూడా వేసేశారు. ఇరవై రెండేళ్లు తను చెప్పు కాలితో తొక్కని పచ్చిక మీద రోలరు చక్రం జాడలు పడి ఉన్నాయి.

“బాబూ, ఆపండి బాబూ! ఏటండీ ఈ ఘోరం!”

దయాకర్ విసుక్కున్నాడు. “నువ్వు రాసిచ్చిందేగా చేస్తున్నాం.”

“నేనేం రాసేనండీ? కప్పు అని రాసేనండి!”

“అదేనయ్యా. కప్పు అన్నావు, కప్పుతున్నాం. ఒకటో నెంబరు కప్పు, రెండో నెంబరు కప్పు. ఒకసారి చెబితే చాలదా? పద్దెనిమిది సార్లు రాశావు. ఇంత గట్టిగా చెప్పిన ఉద్యోగిని నా సర్వీసులో చూళ్లేదు.” అని ఫారం తీసి చూపించాడు. దాని మీద పచ్చ ఇంకుతో ఉంది: ‘సదరు ఉద్యోగి స్వయముగా కప్పుమని కోరినందున తక్షణమే కప్పవలెను.’

ఏసుపాదం ఏడో నెంబరు పచ్చికతిన్నె మీద చతికిలబడి, తువ్వాల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. పన్నెండుమంది కూలీలూ కాసేపు పార ఎత్తకుండా నిలబడ్డారు. తర్వాత అతని చుట్టూ తిరిగి వెళ్లి ఏడో నెంబరు కూడా కప్పారు.

సాయంత్రం ఆటగాళ్లు వచ్చి చూసి నోళ్లు తెరిచారు. జగ్గారావు మాస్టారు ఒక్క ముక్కే అన్నారు. “ఏసుపాదం, నాకు డెబ్భై నాలుగు. ఏడో నెంబరు ఇంకా పడలేదు.”

ఆ మాటకి ఏసుపాదానికి రాత్రి అన్నం సహించలేదు. తెల్లారకుండానే గొట్టం భుజాన వేసుకుని వెళ్లి, తారు మచ్చల పక్కనే, మళ్లీ పద్దెనిమిది కప్పులూ కోశాడు. ఏమైతే అదైందనుకున్నాడు. తొమ్మిదింటికి దయాకర్ వచ్చాడు, పద్దెనిమిది కొత్త గుంతలు చూశాడు, ఫొటోలు తీశాడు, పూడ్చాడు, మళ్లీ ఫొటోలు తీశాడు, వెళ్లాడు. మూడో రోజూ అంతే. నాలుగో రోజూ అంతే. ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒకడు తవ్వడం, ఇంకొకడు కప్పడం.

అయిదో రోజు కమిషనరు గారి నుంచి పిలుపు వచ్చింది. ఏసుపాదం మెడలో సిలువ పట్టుకుని గదిలోకి వెళ్లాడు.

“రండి, ఏసుపాదం గారూ, కూర్చోండి” అన్నారు త్రివిక్రమరావు గారు.

ఏసుపాదం వెనక్కి తిరిగి చూశాడు. తన పేరే గల పెద్దమనిషి ఇంకెవరైనా వచ్చాడేమోనని.

“నీలాటిపురం పట్టణం గుంతల పూడికలో నలభై ఒకటో స్థానం నుంచి తొమ్మిదో స్థానానికి ఎగబాకింది. కారణమేమిటని ఉన్నతస్థాయిలో సమీక్షించాం. గోల్ఫు ఉద్యానవనమందు నిత్యమూ పద్దెనిమిది గుంతలు ఆవిర్భవించుటయూ, అదే దినమున పూడుటయూ జరుగుతున్నది. రోడ్డు మీద గుంత ఎప్పుడు పడుతుందో ఎవడికి తెలుసు? వర్షం రావాలి, లారీలు తిరగాలి. మీ దగ్గర అలా కాదు. నమ్మకమైన గుంత. నియమబద్ధమైన గుంత. మీరు రోజుకి ఎన్ని తవ్వగలరు?”

“పద్దెనిమిదేనండి. ఆటకి అన్నే కావాలండి.”

“ఆట సంగతి క్రీడాశాఖ చూసుకుంటుంది. యాభై నాలుగు తవ్వండి. పూటకి పద్దెనిమిది. మీ ఫైలు తొమ్మిదో బల్ల మీద ఉందట కదా?” అంటూ ఆయన తన బల్లని వేలితో తట్టారు. “తొమ్మిదికీ పదికీ మధ్య ఎంత దూరం చెప్పండి?”

ఏసుపాదం ఏమన్నా దేవుడా? మనిషి. తండ్రి జ్ఞాపకం వచ్చాడు, ఏడు నెలలు జ్ఞాపకం వచ్చాయి. సరేనండి అన్నాడు. గది దాటుతుంటే తన గొంతు తనకే చేదుగా తగిలింది.

యాభై నాలుగు నూట ఎనిమిదయింది. నూట ఎనిమిది మూడు వందలయింది. ఒక్కడి వల్ల కాదని ఊళ్లో రోడ్ల మీదున్న కూలీలందర్నీ తోటకి పంపించారు. సగంమంది తవ్వేవాళ్లు, సగంమంది పూడ్చేవాళ్లు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక జట్లు మారేవి. పద్ధతి తప్పకుండా ఉండడానికి ‘తవ్వక పర్యవేక్షకుడు’ అని ఒకణ్ణీ, ‘పూడిక పర్యవేక్షకుడు’ అని ఒకణ్ణీ వేశారు. వాళ్లిద్దరికీ వారంలోనే పడలేదు. తవ్వినవన్నీ పూడ్చడం లేదని ఒకడు, పూడ్చడానికి సరిపడా తవ్వడం లేదని ఒకడు ఒకరి మీద ఒకరు పితూరీలు రాసుకున్నారు.

ఇక్కడ ఇలా ఉండగా బస్టాండు ముందున్న అసలు గుంతలో ఒక ఆటో ముందుచక్రం ములిగి రెండు రోజులు పైకి రాలేదు. ఆటోవాడు ఆఫీసుకి వచ్చి మొత్తుకున్నాడు.

“మనుషుల్లేరయ్యా” అన్నాడు దయాకర్. “అందరూ గుంతలు పూడ్చే పనిమీదున్నారు.”

“మరి నా గుంతేటి చెయ్యమంటారండి?”

“రోడ్డు మీద పెట్టుకుంటే ఎలా? గోల్ఫు తోటలో ఉండుంటే పొద్దున్నే పూడ్చేసేవాళ్లం.”

ఆట మాత్రం ఆగలేదు. నీలాటిపురం వాళ్లు మొండివాళ్లు. పచ్చికతిన్నె నిండా తారు బిళ్లలే కదా, బంతి వాటి మీద పడి ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. అసలే కష్టమైన ఏడో నెంబరు ఇప్పుడు కాలవ దాటిన బంతిని కూడా తిప్పికొట్టి మళ్లీ కాలవలోకి పంపుతోంది. ఆ పూటకి తెరిచి ఉన్న నాలుగు కప్పులూ ఏ క్షణాన ఎవడు పూడ్చేస్తాడోనని ఆటగాళ్లు బంతి వెనకాలే పరిగెత్తేవాళ్లు. ఒకసారి జగ్గారావు మాస్టారి బంతి సరిగ్గా కన్నం అంచున ఊగుతుండగా, పూడిక జట్టువాడు వచ్చి బంతితో సహా కప్పేశాడు. పడినట్టా, పడనట్టా? ఆయన ఆ లెక్క మూడు రోజులు తేల్చుకోలేకపోయారు.

ఏసుపాదం ఒక్క పని మాత్రం ఎవరికీ చెప్పకుండా చేశాడు. ఏడో నెంబరు తిన్నె మీద, కాలవ వైపు అంచున, జానెడు మేర పచ్చిక ఇంకా బతికి ఉంది. తవ్వే జట్టు అటు వచ్చినా, పూడ్చే జట్టు అటు వచ్చినా, దాని మీద తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. నడుం నొప్పనేవాడు. చుట్ట కాల్చుకుంటున్నాననేవాడు. ప్రార్థన చేసుకుంటున్నానని కూడా ఒకసారి అన్నాడు, అది అబద్ధం కాదు. ఎనభై ఎకరాల్లో అతనికి మిగిలింది ఆ జానెడే.

తొంభై రెండో రోజుకి నీలాటిపురం మొదటి స్థానానికి వచ్చింది. ఆఫీసులో మిఠాయిలు పంచారు. వందో రోజున, రాష్ట్రమంతటా ఈ యజ్ఞాన్ని నడిపిస్తున్న ప్రత్యేకాధికారిణి స్వయంగా వచ్చి ‘గుంతరహిత కప్పు’ బహూకరిస్తారని కబురు వచ్చింది. ఎక్కువ గుంతలు పూడ్చిన చోటే సభ పెట్టాలని నియమం కాబట్టి, సభ కాలవ అవతల ఏడో నెంబరు తిన్నె పక్కనే అని నిర్ణయించారు. అయితే బహుమతి రోజున ఊళ్లో ఒక్క గుంత కూడా కనబడకూడదన్నది కూడా నియమమే.

“తవ్వకాలు తక్షణమే నిలిపివేయవలెను” అని కమిషనరు గారు ఉత్తర్వు వేశారు. అన్నీ కప్పేశారు. బస్టాండు గుంత మీద రంగు గుడ్డలు కట్టి, స్వాగతద్వారం నిలబెట్టారు. ఏసుపాదం గొట్టాన్ని ‘గుంతలు కలిగించు సాధనము’ అని చీటీ కట్టి ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ సాయంత్రమే అతని ఫైలు పదో బల్ల చేరింది. అందులో కమిషనరు గారు రాసింది అనంతలక్ష్మి గారు చదివి వినిపించారు. “‘ఉద్యానవనమునందు ఒక్క గుంతయూ మిగిలి లేనందున, గుంతలు మార్చువాని అవసరము లేదు. కావున శాశ్వతము చేయు ప్రశ్న ఉత్పన్నము కాదు.’”

“ఆయనేగదండీ తవ్వమన్నారు, అమ్మగారూ?”

“ఆయనే.”

“ఆయనేగదండీ కప్పమన్నారు?”

అనంతలక్ష్మి గారు రిజిస్టరు తీసి తను రాసిన ‘గుంత’ అన్న మాట వంక చూస్తూ కూర్చున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత, పూటంతా వెతికి తెలుగులో రాసిన మాట ఒక మనిషి కడుపు మీద కొట్టిందని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఆవిడకి సిగ్గేసింది.

వందో రోజు వచ్చింది. షామియానా, మైకు, పూలదండలు. ప్రత్యేకాధికారిణి కారు దిగగానే ఆవిడ డ్రైవరు డిక్కీలోంచి పొడుగాటి సంచీ ఒకటి దింపాడు. అందులో గోల్ఫు కర్రలున్నాయి. కమిషనరు గారి మొహం కొద్దిగా వాడింది.

సభ సవ్యంగానే జరిగింది. ఆవిడ నీలాటిపురాన్ని మెచ్చుకున్నారు, ‘సున్నా గుంతలు’ అని ప్రకటించారు, తళతళలాడే ఇత్తడి కప్పు త్రివిక్రమరావు గారి చేతిలో పెట్టారు. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆవిడ చెప్పులు మార్చుకుంటూ, “పదిహేనేళ్ల కిందట ఈ ఏడో నెంబరు నన్ను ఏడిపించింది. ఇవాళ దాని అంతు చూసిగాని వెళ్లను” అన్నారు.

బంతి కొట్టడానికి అందరూ వంతెన మీదుగా కాలవ ఇవతలికి బయల్దేరారు. ఎండగా ఉందని కమిషనరు గారు ఆవిడకి గొడుగు పట్టాలి. చేతిలో కప్పు అడ్డం. ఎవరికివ్వాలా అని చూసి, పక్కనే ఉన్న ఏసుపాదం చేతిలో పెట్టి, “జాగ్రత్త, కింద పెట్టకు” అన్నారు. గొడుగు పట్టుకుని ఆవిడ వెనకాల వెళ్లారు.

ఏసుపాదం కప్పుతో కాలవ అవతల తిన్నె మీద ఉండిపోయాడు. దాన్ని తిప్పి చూశాడు. పల్చటి రేకు, రెండు పక్కలా చెవుల్లాంటి పిడులు, అంచు కత్తిలా ఉంది. వేళ్లు చాపి నోటి వెడల్పు కొలిచాడు. ఇరవై రెండేళ్ల వేళ్లు అవి, పొరబడవు. నాలుగుంబావు.

ఇవతల ప్రత్యేకాధికారిణి కర్ర ఎత్తి కొట్టారు. బంతి చెట్ల సందులోంచి లేచి, కాలవ దాటి, చీరలు దాటి, తిన్నె మీద రెండు తారు బిళ్లల మధ్య పడి ఆగింది. జగ్గారావు మాస్టారు క్యాపు తీసేశారు. ఆవిడ మురిసిపోతూ వంతెన దాటి వచ్చి, చుట్టూ చూశారు.

“కప్పు ఎక్కడ?”

“మీరే ఇచ్చారు కదండీ, మేడం” అన్నారు కమిషనరు గారు వినయంగా.

“అది కాదండీ. బంతి పడే కప్పు.”

“ఆ కప్పాండి...” కమిషనరు గారు దయాకర్ వైపు చూశారు.

“కప్పేశామండి” అన్నాడు దయాకర్.

“ఎన్ని కప్పేశారు?”

“అన్నీ కప్పేశామండి. ఇరవై ఆరు వేల నాలుగు వందలండి.” అంకె చెప్పేటప్పుడు మామూలుగా వచ్చే గర్వం అతనికి ఈసారి కూడా వచ్చింది.

అంతలో కరకర అని చప్పుడు వినిపించింది. అందరూ తిరిగి చూశారు. ఏసుపాదం మోకాళ్ల మీద కూర్చుని, గుంతరహిత కప్పుని బోర్లించి తన జానెడు పచ్చికలో గుచ్చి, రెండు చెవులూ పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. కమిషనరు గారు “ఏయ్” అనేలోగా పైకి లాగాడు. కప్పు నిండా గడ్డితో సహా మట్టిముద్ద ఊడి వచ్చింది. నేలలో నున్నటి, గుండ్రటి కన్నం మిగిలింది.

“వెయ్యండమ్మా” అన్నాడు ఏసుపాదం.

ఆవిడ వేశారు. బంతి దొర్లుకుంటూ పోయి, అంచున ఒక్క క్షణం తటపటాయించి, టక్కుమని పడింది. రెండు దెబ్బలు. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, “కప్పు!” అని కేకపెట్టారు.

వంద రోజులుగా ఆ మాట వింటే చెయ్యి పనిచెయ్యడం అలవాటైపోయింది దయాకర్‌కి. గబగబా పార అందుకుని, కంకరతట్ట లాక్కుని కన్నం మీదికి వెళ్లాడు.

“ఆగు, దయాకర్!” అనంతలక్ష్మి గారు అడ్డంగా వచ్చి నిలబడ్డారు. ఆవిడ గొంతు అంత పెద్దదని ఆఫీసులో ఎవరికీ తెలియదు. “ఇక్కడ కప్పు నామవాచకం. క్రియ కాదు!”

పార గాలిలో ఆగింది. ఆవిడ చంకలో రిజిస్టరు తీసి, అందరి ఎదుటా ‘గుంతలు’ కొట్టేసి ‘కప్పులు’ అని రాశారు.

వారం తర్వాత ఏసుపాదానికి ఉత్తర్వు వచ్చింది. ప్రత్యేకాధికారిణి గట్టిగా చెప్పి వెళ్లారట, కమిషనరు గారు నియమం తప్పకుండా అమలు చేశారు. అనంతలక్ష్మి గారు చదివారు. “‘గోల్ఫు ఉద్యానవనమునకు మంజూరైన కప్పులు పద్దెనిమిది. వాస్తవముగా ఉన్నది ఒకటి. కావున శ్రీ కె. ఏసుపాదం గారిని పద్దెనిమిదింట ఒక వంతు మేరకు శాశ్వతము చేయడమైనది. మిగిలిన పదిహేడు వంతులు తాత్కాలికముగా కొనసాగును.’”

ఏసుపాదం తన చేతులు చూసుకున్నాడు, కాళ్లు చూసుకున్నాడు. “ఇందులో పర్మినెంటైన ముక్క ఏదండీ, అమ్మగారూ?”

“స్పష్టత కోరుతూ పైకి రాశాం” అన్నారావిడ. నవ్వు ఆపుకోలేకపోయారు, అతనూ ఆపుకోలేకపోయాడు. ఆవిడ బీరువా తాళం తీశారు. గొట్టం విడుదలకి ఇంకా ఉత్తర్వు రాలేదు. దాని పక్కనున్న ఇత్తడి కప్పుని ఆవిడ వస్తువుల పుస్తకంలో ‘పనిముట్టు’ అని రాసి అతని చేతికిచ్చారు. అందులో మట్టి ఇంకా అంటుకునే ఉంది.

మర్నాడు తెల్లవారుతుండగా దయాకర్ ఫోను పట్టుకుని అటుగా వచ్చేసరికి, ఎనిమిదో నెంబరు తిన్నె మీద ఏసుపాదం కనిపించాడు. గునపంతో తారు బిళ్ల పెకలించి పక్కన పెట్టాడు. దాని కింద గడ్డి తెల్లబడింది గాని చావలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఇత్తడి కప్పు బోర్లించి, రెండు చెవులూ పట్టుకుని తిప్పుతున్నాడు. వెనక జగ్గారావు మాస్టారు బంతి చేత్తో పట్టుకుని వంతు కోసం నిలబడ్డారు.

దయాకర్‌కి పాపం యాప్‌లో ఏమని ఎక్కించాలో తెలియలేదు. “ఏంటయ్యా ఇది? గుంతా, కప్పా?”

ఏసుపాదం తలెత్తకుండా అన్నాడు. “రెండో వంతండి.”